కీ.శే. తమ్మిలేరు

మా డైరెక్టరు పాలంకి గజపతిరావుగారికి నవలలు చదివే అలవాటు లేకపోయుంటే మా ఆవిడ కీర్తిశేషురాలు అయ్యేది కాదు. ఈ మాట నేను కోపంతో అంటున్నానని మీరనుకోవచ్చు. కోపంతోనే అంటున్నాను.

నేను చంద్రుడి మీద కొత్తరేవులో పిలుపు గుమాస్తాని. రేవంటే నీళ్ళూ నాచూ ఉండే రేవు కాదు. రాతిలో తొలిచిన పెద్ద గొయ్యి, దానికో గేటు. రోదసిలో తిరిగే నౌకలు ఆ గేటులోంచి వచ్చి లోపల ఆగుతాయి. మనుషులుండే గదులు ఇంకా లోపల, వేరే తలుపుల వెనక ఉంటాయి. వచ్చే నౌకని రేడియోలో పేరు పెట్టి పిలవడం, అది పలికితే గేటు తీయించడం నా ఉద్యోగం. మా నౌకలకి ఎవరో మంచివాళ్ళు మన చిన్న చిన్న నదుల పేర్లు పెట్టారు. ఏలేరు, తుల్యభాగ, చంపావతి, తమ్మిలేరు. “ఏలేరూ, ఎక్కడున్నావు?” అంటే “గేటు దగ్గరే ఉన్నానండీ” అనేవారు. గేటు తీసేవాళ్ళం. అంతకంటే ఏం కావాలో మీరే చెప్పండి.

తమ్మిలేరుకి కెప్టెన్ మా ఆవిడ హైమావతి. అది మంచు మోసే నౌక. ఎక్కడో దూరాన తిరుగుతుండే మంచుగుట్టల దగ్గరికి వెళ్ళి, గడ్డలు కోసుకుని తెస్తే, మేం కరిగించుకుని తాగుతాం, స్నానాలు చేస్తాం, మిగిలితే తోటకూరకి పోస్తాం. వెళ్ళిందంటే నెలల తరబడి రాదు. హైమ కాకినాడ మనిషి. ఇంట్లో నన్ను “ఏవండీ” అనే పిలుస్తుంది, ఆ ఏవండీ తర్వాత వచ్చే మాటలు మాత్రం కెప్టెన్ మాటలు. దారిలో ఉండగా రేడియోలో మాట్లాడదు. గేటు దగ్గరకొచ్చాక నోరు విప్పుతుంది. కరెంటు దండగంటుంది.

ఆవిడ ఈసారి మంచుకి వెళ్ళిన తర్వాతే ఇక్కడ అక్షరాల గొడవ మొదలైంది.

గజపతిరావుగారు సైన్స్ ఫిక్షన్ తప్ప ఇంకోటి చదవరు. ఆ నవలల్లో ప్రతి నౌక పేరుకీ ముందు రెండో మూడో అక్షరాలుంటాయట. వాటి అర్థమేమిటో రచయితలు చాలాసార్లు చెప్పరట. చెప్పకపోయినా, ఆ అక్షరాలు చూడగానే దాని వెనక పెద్ద సామ్రాజ్యం ఉన్నట్టు, యూనిఫారాలు వేసుకున్నవాళ్ళు వరసగా నిలబడ్డట్టు అనిపించి చదివేవాడికి ఒళ్ళు గగుర్పొడుస్తుందట. ఆయనకి గగుర్పొడిచింది. మర్నాడే సిబ్బంది సమావేశం పెట్టారు.

“మిత్రులారా, ఊహలో పుట్టిన నౌకలకే అంతటి హోదా ఉండగా, వాస్తవంగా ఉనికిలో ఉన్న మన నౌకలు ఇలా బోడి పేర్లతో సంచరించడం సంస్థ ప్రతిష్ఠకు భంగకరం కాదా?” అన్నారు.

భంగకరమే అన్నాం. జీతాలు తీసుకునేవాళ్ళం, ఇంకేమంటాం.

అక్షరాలు నిర్ణయించడానికి ఒక కమిటీ, వాటికి అర్థం నిర్ణయించడానికి ఇంకో కమిటీ వేశారు. మొదటి కమిటీ చకచకా పని చేసి అక్షరాలు ఖరారు చేసింది. రెండో కమిటీ వాటికి అర్థం వెతికి వెతికి, దొరకడం లేదని రాసి పంపింది. అర్థం లేకపోవడం లోపంగా భావించనక్కరలేదు, నవలల్లోనూ ఇదే పరిస్థితి అని మొదటి కమిటీ బదులు రాసింది. రెండు కమిటీల మధ్యా మాటలు ఆగిపోయాయి. అప్పుడు యజ్ఞేశ్వరశాస్త్రిగారు కల్పించుకున్నారు. నౌకలు బయల్దేరడానికి ముహూర్తాలు పెట్టేందుకు సంస్థ వారు జీతమిచ్చి తెచ్చుకున్న పండితుడాయన.

“అక్షరాల కోసం ఎవరి నవలలో ఎందుకు నాయనా వెతుక్కోవడం? మన ఇళ్ళల్లో శుభలేఖ ఒకటి తీసి చూడండి. పేరుకి ముందు అక్షరాలు లేని మనిషి కనిపిస్తాడా అందులో?” అన్నారు.

గజపతిరావుగారు లేచి నిలబడి ఆయనకి నమస్కారం పెట్టారు. నాకు మాత్రం అప్పుడే ఎడమ కన్ను అదిరింది.

ఆ వారమే ఉత్తర్వు వచ్చింది. కొత్తగా కట్టి ఇంకా బయల్దేరని నౌక చి. అవుతుంది. తిరగడం మొదలుపెట్టాక శ్రీ. సరుకు నింపుకుని ఇంటికొచ్చే నౌకలన్నీ లక్ష్మీస్వరూపాలు కాబట్టి చి.ల.సౌ. బాగుచేసే పడవ డా. డైరెక్టరుగారు తనిఖీకి వాడే చిన్న పడవ మ.రా.రా.శ్రీ. మహారాజరాజశ్రీ అన్నమాట, తాతల కాలంలో కలెక్టరుకి అర్జీ రాసేటప్పుడు వాడేవారు. చెత్త మోసే పడవ నడిపేవాడు యూనియన్ నాయకుడు కావడం వల్ల, అతన్ని బతిమాలి పూజ్యశ్రీ దగ్గర ఒప్పించారు. ప్రమాదంలో పోయిన నౌకలు కీ.శే. వాటికి సంప్రదాయానుసారం జరగవలసిన మర్యాదలన్నీ లోటు లేకుండా జరుగునని ఉత్తర్వు చివర ఒక వాక్యం చేర్చి, గజపతిరావుగారు దాని కింద స్వయంగా సంతకం పెట్టారు. చదువుతూ ఆయనే కళ్ళు తుడుచుకున్నారు.

అక్షరాలు పెట్టి ఊరుకుంటే నేనీ కథ చెప్పేవాణ్ణి కాదు. అక్షరాలకి తగ్గ నడవడిక కూడా ఉండాలన్నారు. అది సరిగ్గా జరుగుతోందో లేదో చూడటానికి సూపరింటెండెంటు తులశమ్మగారు నా రేడియో గదిలో కుర్చీ వేయించుకున్నారు. నిబంధనల పుస్తకం ఆవిడకి నోటికొచ్చు. సదరు అనే మాట లేకుండా ఆవిడ కాఫీ కూడా అడగరు.

మొదట ఇరుక్కున్నది ఉప్పుటేరు. అది నౌకల్ని గేటులోంచి బయటికి లాగే తాడు పడవ. దానికో జంట పడవ ఉండేది, పాతదైపోతే తుక్కు కింద విప్పేశారు. జంట పోయింది కాబట్టి ఉప్పుటేరుకి గం.భా. అని పెట్టారు, గంగాభాగీరథీ సమానురాలు అని, పూర్వం విధవరాళ్ళ పేర్ల ముందు రాసేవారు. మర్నాడు దాన్ని నడిపే కర్రి సూరప్పడు మా గదికొచ్చాడు.

“మా పడవ ఏం పాపం చేసిందండీ?” అన్నాడు. “నిన్నటిదాకా శుభ్రంగా పని చేసుకుంది. ఇయ్యాల ఏ నౌక ముందుకెళ్ళినా, బయల్దేరేటప్పుడు ఎదురొచ్చావేంట్రా అని లోపలికి పోయి కూర్చుంటన్నారు. తాడు పట్టుకోవాలంటే ఎదురెళ్ళక ఏం చెయ్యమంటారండీ?”

“సదరు ఇబ్బంది పరిశీలనలో ఉన్నది. అంతవరకు మీ పడవ వెనక నుంచి రావలెను” అన్నారు తులశమ్మగారు.

“ఎనకనించి ఎలా లాగుతానండీ?”

“సదరు విషయం కూడా పరిశీలనలో ఉన్నది.”

సూరప్పడు నా వంక చూశాడు. నేను రేడియో వంక చూశాను. అతను వెళ్ళిపోయాక ఎంత ఒళ్ళు మండిందంటే, నా కాఫీ నేనే ఒలకబోసుకున్నాను.

రెండో వారంలో చంపావతి మందులు తీసుకుని గేటు దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే అదే సమయానికి మ.రా.రా.శ్రీ వారు కూడా వస్తున్నారు. వచ్చేది ఖాళీ పడవ. గజపతిరావుగారు భోజనం చేస్తున్నారు, డ్రైవరు ఒక్కడే పడవ కడిగించుకుని తిరిగొస్తున్నాడు. అయినా మహారాజరాజశ్రీ కదా, దారివ్వాలి. పోనీ వాడు లోపలికొస్తాడా అంటే రాడు. స్వాగతవాక్యాలు చదివేదాకా కదలకూడదని వాడికీ ఉత్తర్వు ఇచ్చారు. స్వాగతవాక్యాలు ఇంకా టైపులో ఉన్నాయి. పాపం ఆ డ్రైవరు రేడియోలో మెల్లగా, “అన్నా, బాత్రూముకెళ్ళాలన్నా” అంటున్నాడు. తులశమ్మగారు ఆ మాట రాసుకోలేదు.

ఇక అసలు సంగతికొస్తాను. తమ్మిలేరు ఇంకా దారిలో ఉంది. దాన్ని పిలవాల్సిన పనే లేదు. కానీ దూరంలో ఉన్న నౌకల్ని కూడా కొత్త పద్ధతిలో ఒకసారి సంబోధించి చూడాలని గజపతిరావుగారికి ముచ్చట పుట్టింది. పిలిచేటప్పుడు ఏం చదవాలో శాస్త్రిగారు రాసిచ్చారు. నేను చదివాను.

“చి.ల.సౌ. తమ్మిలేరుకు కొత్తరేవు వారు ఆశీర్వదించి పలుకునది ఏమనగా, ఇచ్చట మేమందరమూ క్షేమము. అచ్చట నీవునూ క్షేమమని తలంచెదము. ఈ పిలుపు అందిన వెంటనే బదులు పలుకవలెను.”

బదులు రాలేదు. మళ్ళీ చదివాను. మళ్ళీ రాలేదు. ఒక్కసారి మామూలుగా హైమా అని పిలుస్తానంటే తులశమ్మగారు మైకు మీద చెయ్యి పెట్టేశారు. మూడోసారి కూడా అదే చదివించారు. తర్వాత పుస్తకం తెరవకుండానే కళ్ళు మూసుకుని అప్పజెప్పారు. “గౌరవపూర్వక సంబోధనకు ముమ్మారు బదులు పలుకని నౌకను కీ.శే.గా పరిగణించవలెను.”

“అదేంటండీ, ఆవిడ దారిలో ఎప్పుడూ పలకదు” అన్నాను.

“సదరు అలవాటు నిబంధనలలో లేదు” అన్నారావిడ. నిజం చెప్పొద్దూ, ఆవిడా కలం రెండుసార్లు మూసి తెరిచారు. కానీ రాయాల్సింది రాశారు.

మీకు నవ్వుగానే ఉంటుంది. నాకు తెలుసు అది పిచ్చి నిబంధన అని. హైమ మాట్లాడదనీ తెలుసు. అయినా కాయితం మీద ఆ అక్షరాలు, పక్కన తమ్మిలేరు పేరు చూసేసరికి ఇక కుర్చీలో కూర్చోలేక లేచి వచ్చేశాను. ఇంటికెళ్తే ఆవిడ చీర కొక్కేనికి వేలాడుతోంది. దాన్ని తియ్యలేదు, ముట్టుకోలేదు. నిజంగానే పలకలేకపోయిందేమో అని ఒకసారి అనిపించిందంటే ఆ ఆలోచన ఇక వదలదు. అంత భయం నేనెప్పుడూ పడలేదు.

మూడో రోజు పొద్దున్న సంతాపసభ పెట్టారు. తమ్మిలేరు ఫోటోకి ప్లాస్టిక్ చామంతుల దండ వేశారు. ఫోటోలో నౌక పక్కన హైమ నడుం మీద చెయ్యి పెట్టుకుని, తీసేవాణ్ణి తొందరపెడుతున్నట్టు నిలబడి ఉంది. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. గజపతిరావుగారు మాట్లాడారు. కీర్తిశేషురాలైన సదరు నౌక సంస్థకు అందించిన చల్లదనం చిరస్మరణీయమన్నారు. రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు. అందరూ లేచి తలలు వంచారు.

అప్పుడు గోడ మీది స్పీకరు గురగురలాడింది.

“రేవూ, తమ్మిలేరు వచ్చింది. గేటు తియ్యండి.”

మా ఆవిడ గొంతు. చుట్టూ చూశాను. ఎవరూ తల ఎత్తలేదు. మౌనం పాటిస్తున్నారు.

“ఏవండీ, ఉన్నారా? మా ఇంజినీరు పోలినాయుడు గాలి మీటరు చూసి చూసి మొహం వేలాడేసుకున్నాడు. గాలి సాయంత్రం దాకానే వస్తదంట. గమ్మున తియ్యండి, ఆకలి కూడా వేస్తంది.”

నేను నోరు తెరవబోయాను. గజపతిరావుగారు తల వంచుకునే, వేలెత్తి పెదవుల మీద పెట్టుకుని నన్ను వారించారు. ఆ మిగిలిన మౌనమంతా మా ఆవిడే మాట్లాడింది. నా గురించి కూడా రెండు మాటలంది, అవి ఇక్కడ రాయను.

మౌనం కాగానే నేను ఆయన మీదకి వెళ్ళినంత పని చేశాను. “గేటు తియ్యమనండి సార్. బతికే ఉంది. విన్నారుగా.”

“తొందరపడకు. నేను చదివిన నవలల్లో పోయిన నౌకలు తిరిగి రావడం అనేక పర్యాయాలు సంభవించింది. అలా వచ్చిన ప్రతిసారీ లోపల భయంకరమైనది ఏదో ఉన్నట్లు తేలింది” అన్నారు.

“లోపలున్నది మా ఆవిడండీ.”

“నేనూ అదే అంటున్నాను.”

తులశమ్మగారు అడ్డొచ్చారు. “సదరు నౌక కీ.శే. కీ.శే. వారికి గేటు తీయు విధానము లేదు. కీ.శే. నుండి చి.ల.సౌ.కు తిరిగి వచ్చు విధానము కూడా లేదు. ఇంతవరకు ఎవరూ కోరలేదు.”

“పోనీ కొత్త నౌక అనుకోండి. ఇప్పుడే పుట్టింది. బారసాల చేసి చి. ఇచ్చెయ్యండి.”

“అట్లయినచో కట్టిన చోటు నుండి పుట్టుక ధ్రువీకరణ రావలెను. సదరు కార్యాలయానికి నేడు సెలవు.”

“రేడియోలో మాట్లాడనివ్వండి పోనీ. బతికున్నావా అని అడుగుతాను.”

“కీ.శే. వారితో సంభాషణ నిషిద్ధము. కార్యాలయం పరువు ఏమి కావలెను?”

ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే ఒక ఆలోచన వచ్చింది. దండతో సహా ఫోటోని గోడ మీంచి తీసి చంకలో పెట్టుకున్నాను. “ఆలి పోయినవాణ్ణి, ఫోటో ముందు కాసేపు ఏడవచ్చా? దానికేమైనా నిబంధన అడ్డొస్తుందా?” అన్నాను.

ఆవిడ ఆలోచించారు. “విలపించుటకు అభ్యంతరం లేదు. బదులు మాత్రం ఆశించరాదు.”

ఫోటోని రేడియో గదిలోకి తీసుకెళ్ళి మైకు పక్కన నిలబెట్టి, మీట నొక్కి మొదలుపెట్టాను. తులశమ్మగారు వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. శాస్త్రిగారు కూడా ఓదార్చడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“హైమా, ఎంత పని చేశావే... పిలిస్తే పలకకుండా పోయావు గదే...”

“ఎప్పుడు పిలిచారండీ?” అంది ఆవిడ. “మొన్న మీరెవరిదో శుభలేఖ చదివారు, అదా? మీ అక్కయ్య కూతురికి సంబంధం కుదిరిందేమో అనుకున్నాను. పెళ్ళికూతురికి ఏం చదివించాలా అని ఆలోచించుకుని, రేడియో కట్టేసి పడుకున్నాను.”

“ఆ పెళ్ళికూతురివి నువ్వే గదే తల్లీ... ఇప్పుడు నౌకలకి అక్షరాలు పెట్టారే... నీది చి.ల.సౌ. అన్నారే...”

అవతల ఏదో మీట గట్టిగా నొక్కిన చప్పుడైంది.

“నేనిటు వెళ్ళగానే మీకందరికీ ఏమైందండీ?” అంది.

“సదరు కీ.శే. వారు కార్యాలయాన్ని ఆక్షేపిస్తున్నారు” అని తులశమ్మగారు వెనక నుంచి అన్నారు.

“మూడుసార్లు పలకలేదని నిన్ను కీ.శే. చేశారు హైమా... కీ.శే. వాళ్ళకి గేటు తియ్యరట... నేనేం చెయ్యనే...” ఈసారి నటన కాదు, నిజంగానే ఏడుపొచ్చేసింది. ముక్కు తుడుచుకోవడానికి ఫోటో మీది దండ తప్ప ఏదీ అందలేదు.

“ఏడవకండి. ఎప్పుడు పోయాన్నేను?”

“ఇవాళ్టికి మూడో రోజు...”

“మూడో రోజా?” అంది. ఆవిడ గొంతు మారింది. కూరగాయల బండివాడి దగ్గర బేరం తెగే ముందు ఆవిడ గొంతు అలాగే మారుతుంది. “మరి పిట్టకి పెట్టారా?”

నాకు అర్థం కాలేదు.

“మా నాన్నకి మూడో రోజున సముద్రం ఒడ్డున ముద్ద పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా మా అన్నయ్య ఎండలో నిలబడలేదా? దిక్కూ దివాణం లేనిదాన్నా నేను? నాకో ముద్ద పెట్టేవాళ్ళే లేరా మీ రేవులో? శాస్త్రిగారు ఉంటే అడగండి. ముద్ద లోపల పెడతారా, బయట పెడతారా?”

నేను మెల్లగా వెనక్కి తిరిగాను. శాస్త్రిగారి మొహం వెలిగిపోతోంది. ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి ఆయన్ని శాస్త్రం అడిగినవాళ్ళు లేరు.

“ఆరుబయట పెట్టాలి నాయనా. ఇంటి కప్పు కింద పనికిరాదు” అన్నారు.

“గుమ్మం మూసెయ్యచ్చా అండీ?” అని అడిగాను.

“తప్పు తప్పు. పోయినవాళ్ళకి పెట్టి మొహం మీద తలుపేస్తారా? కాకి ముట్టేవరకు గుమ్మం తీసే ఉంచాలి. ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. అది తీరుస్తామని చెప్పుకుంటూ నిలబడాలి.”

“తులశమ్మగారూ, కీ.శే. వారికి సంప్రదాయానుసారం జరగవలసిన మర్యాదలన్నీ లోటు లేకుండా జరుగునని ఉత్తర్వులో ఉంది కదండీ?” అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకుని లోపలే ఉత్తర్వంతా చదువుకున్నారు. కళ్ళు తెరిచి, “ఉన్నది. డైరెక్టరుగారి సంతకముతో ఉన్నది” అన్నారు.

గజపతిరావుగారి దగ్గరికి వెళ్ళాం. తన సంతకం కనపడగానే ఆయన మెత్తబడ్డారు. చంద్రుడి మీద ఇట్టి కార్యక్రమం ఇదే ప్రథమమని శాస్త్రిగారు గుర్తు చేసేసరికి ఫోటోగ్రాఫరుకి కబురు పెట్టారు. గేటు తీయుటకు అనుమతి ఇవ్వడమైనది, కాకి ముట్టేవరకు మూయరాదు అని రాసి మళ్ళీ సంతకం పెట్టారు. అక్కడున్న ఎవరికీ కాకి సంగతి తోచలేదు. నేను గుర్తు చెయ్యలేదు.

క్యాంటీనుకి పరుగెత్తాను. ముద్దకి అన్నం కలుపుతుంటే గోడ మీది స్పీకర్లోంచి, “ముద్దపప్పు వెయ్యండి. ఆవకాయ అడుగున కాదు, పైన పెట్టండి” అని వినపడింది. వంటవాడు చేతులు జోడించి ఆవకాయ ఇంకో గరిటె వేశాడు.

రోదసి దుస్తులు తొడుక్కుని, స్టీలు పళ్ళెంలో ముద్దతో గేటు దగ్గర నిలబడ్డాను. పోలినాయుడి మొహం వేలాడడం, గాలి మీటరూ తప్ప బుర్రలో ఇంకేమీ లేవు. గేటు తలుపులు ఎప్పుడూ అంత నెమ్మదిగా తెరుచుకోలేదనిపించింది. గుమ్మం దాటి పళ్ళెం నేల మీద పెట్టాను. పెట్టగానే అన్నం రాయిలా గడ్డకట్టింది. తల ఎత్తితే ఎదురుగా తమ్మిలేరు, ముక్కు మీద సొట్టతో సహా, నేనెరిగిన తమ్మిలేరే. మెల్లగా నా నెత్తి మీదుగా లోపలికి వచ్చేసింది.

లోపల అద్దాల వెనక పెద్దవాళ్ళు వరసగా నిలబడి చూస్తున్నారు. తర్వాత తెలిసింది. తులశమ్మగారు, “సదరు నౌక ప్రవేశించుచున్నది” అన్నారట. “చెప్పకుండా వచ్చే నౌకని ఆపడానికి నిబంధన ఉందా?” అని గజపతిరావుగారు అడిగారట. “ఉన్నది. కానీ కీ.శే. వారిని ఆపుటకు లేదు” అన్నారట. శాస్త్రిగారు దణ్ణం పెట్టారట. ఆయన్ని చూసి అందరూ పెట్టారట.

హైమ నౌక దిగింది. చిక్కిపోయింది. పోలినాయుడు దిగీ దిగగానే నేల మీద కూర్చుండిపోయాడు. లోపలి తలుపులు దాటి గాలి ఉన్న గదిలోకి వచ్చాక ఆవిడ హెల్మెట్టు తీసి, నా మొహం చూసి, నా చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది.

గజపతిరావుగారు ముందుకొచ్చారు. బతికున్న మనిషితో ఏమనాలో ఆయనకి తోచలేదు. చేతిలో సంతాప తీర్మానం ఉంది. అదే ఇచ్చారు. ఆవిడ నిలబడే మొత్తం చదివింది.

“బాగానే రాశారు. బతికున్నప్పుడు ఇందులో ఒక్క ముక్కయినా అన్నారా?” అంది.

ఇది జరిగి చాలా కాలమైంది. కీ.శే. నుంచి వెనక్కి వచ్చే విధానం ఇంకా పరిశీలనలోనే ఉంది. తమ్మిలేరు ఇప్పటికీ కీ.శే. తమ్మిలేరే. పోయిన నౌక కాబట్టి తనిఖీ లేదు, స్వాగతవాక్యాలు లేవు, ఎవరైనా దాని గురించి మాట్లాడితే మంచే మాట్లాడాలి. మిగతా కెప్టెన్లు ఈ సుఖం చూసి, మమ్మల్ని కూడా కీ.శే. చెయ్యమని అర్జీలు పెట్టుకున్నారు గానీ ఆ అవసరం రాలేదు. ఎందుకంటే గేటు మళ్ళీ మూయలేదు. కాకి ముట్టేవరకు మూయరాదని డైరెక్టరుగారి ఉత్తర్వు ఉంది కదా. ఏలేరు వస్తుంది, చంపావతి వెళ్తుంది, ఉప్పుటేరు ముందు నుంచే తాడు లాగుతుంది. ఎవరి అక్షరాలూ ఎవరూ అడగడం లేదు.

కాకిని భూమి నుంచి తెప్పించాలని గజపతిరావుగారు కమిటీ వేశారు. వచ్చే కాకిని ఏమని సంబోధించాలో తేలలేదు. శ్రీ చాలన్నారు ఆయన. పితృదేవతల తరఫున వచ్చేదానికి అంతకంటే పెద్దదే ఉండాలన్నారు శాస్త్రిగారు. అది తేలితే గానీ దానికి సీటు బుక్ చెయ్యడానికి వీల్లేదన్నారు తులశమ్మగారు.

గేటు బయట ఆ పళ్ళెం అలాగే ఉంది. ముద్ద మీద ఆవకాయ ఎర్రగా మెరుస్తుంటుంది. మొన్న హైమ మళ్ళీ మంచుకి బయల్దేరింది. గేటు దాటి పళ్ళెం మీదుగా వెళ్తూ, ఎప్పుడూ లేనిది, తనే రేడియోలో పిలిచింది.

“ఏవండీ, కాకి వచ్చిందా?”

“ఇంకా రాలేదు హైమా” అన్నాను.

“రానివ్వకండి” అంది.